ఓబుళమ్మ తెల్లగుడ్డ

నంద్యాలలో ఖాసిం పీరా అనే కళాయివాడు, అంటే వంటపాత్రల లోపల తగరం పూత వేసేవాడు, ఉండేవాడు. ఐదు పూటలా నమాజు తప్పేవాడు కాదు గానీ, తనవాళ్ళ గిన్నెకో న్యాయం, పైవాళ్ళ గిన్నెకో న్యాయం చూసేవాడు. మసీదు డేగిసాకు మేలిమి తగరం పూసేవాడు. హిందువుల ఇత్తడి పాత్రలకు మాత్రం తగరంలో చవకగా దొరికే సీసం కలిపేవాడు. పులుపు తగిలితే సీసం వంటలోకి దిగి విషమవుతుందని అతనికి బాగా తెలుసు. అయినా "వాళ్ళు మనవాళ్ళు కారు కదా" అని మనసుకు సర్దిచెప్పుకొనేవాడు. ఆ మనసు కూడా ఎంత బుద్ధిగా వినేదో!

ఒక పొద్దున ఓబుళమ్మ అనే ఆమె, కళాయికి ఇచ్చిన తన పెద్ద ఇత్తడి వంటగుండిగ తీసుకుపోవడానికి వచ్చింది. కళాయిలో సీసం ఉంటే తెల్లగుడ్డతో రుద్దగానే నల్లగా అంటుకుంటుంది. అందుకే ఆ ఊరి ఆడవాళ్ళు గుడ్డముక్క వెంట తెచ్చుకునేవారు. ఆమె చేతిలో గుడ్డ చూసి పీరా గుండిగను వెనక్కి జరిపాడు.

ఓబుళమ్మ నవ్వి, గుడ్డను బొడ్లో దోపుకుంది.

"నమాజు చేసే చెయ్యి. నీ పనిని నేను పరీక్ష చేసేదేంది పీరా? ఈపొద్దు మధ్యాహ్నం మనవరాలికి పేరు పెడతాండాం. వీధిలో పిల్లోళ్ళంతా మా ఇంట్లోనే తింటారు. నువ్వూ రావల్ల."

గుండిగ బండెక్కి పోయింది. పీరాకు ఇక పని మీద చెయ్యి ఆడలేదు. ఉండబట్టలేక మసీదుకు పోయి ఇమాంను అడిగాడు.

"హజ్రత్, సరుకులో లోపం దాచి ఇచ్చామనుకోండి. తీసుకున్నవాళ్ళు మనవాళ్ళు కారనుకోండి. అది కూడా పాపమేనా?"

ఇమాం అతని ముఖంలోకి చూశాడు.

"మోసం చేసేవాడు మనవాడు కాడని ప్రవక్త అన్నారు. మోసపోయినవాడు ఎవరని అడగలేదు. నువ్వు ఎవరివాడివో ముందు అది చూసుకో పీరా."

పీరా పరుగు తీశాడు. దారిలో కనిపించిన ప్రతి పిల్లా ఓబుళమ్మ ఇంటికే పోతున్నట్టు అనిపించింది. పెరట్లో గుండిగ నిండా పప్పు ఉడుకుతోంది. ఓబుళమ్మ చింతపండు పులుసు పోయడానికి గిన్నె ఎత్తింది.

"పొయ్యొద్దక్కా! దాంట్లో సీసముంది. నేనే కలిపినా!"

అందరూ బిత్తరపోయారు. ఓబుళమ్మ బొడ్లోంచి గుడ్డ తీసి గుండిగ లోపలి అంచున రుద్దింది. గుడ్డ నల్లబడింది.

"మా గుండిగొక్కటేనా?" అని మెల్లగా అడిగింది.

"కాదక్కా," అన్నాడు పీరా తల వంచుకుని.

పప్పంతా పారబోశారు. పిల్లలు ఆకలికి ఏడ్చారు. పీరా ఆ పెరట్లోనే కొలిమి పెట్టి, పాత పూత గీకేసి, మేలిమి తగరంతో మళ్ళీ కళాయి వేశాడు. ఎవరూ అతన్ని పలకరించలేదు. మర్నాటి నుంచి ఇంటింటికీ పోయి తప్పు ఒప్పుకుని, పాత్రలన్నీ తెచ్చి డబ్బు తీసుకోకుండా బాగుచేశాడు. కొందరు తిట్టారు. కొందరు మొహాన తలుపు వేశారు.

చాన్నాళ్ళకు ఓబుళమ్మ ఒక బిందె తెచ్చి కళాయి వేయించుకుంది. లోపలంతా గుడ్డతో రుద్దింది. గుడ్డ తెల్లగానే ఉంది. అయినా ఆమె ఇంకోసారి రుద్దింది. పీరా చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

నీతి: కొనేవాడు ఏ మతంవాడైనా సరుకులో లోపం దాచడం పాపమే, పోగొట్టుకున్న నమ్మకం ఒప్పుకున్నంత మాత్రాన తిరిగి రాదు.