సర్వర్ గదికి రెండో గడియ

గవర్రాజుకి తన తెలివి మీద ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు. కాలేజీ సర్వర్ గదిని చూసుకునేది అతనూ, బామ్మర్ది తాతబ్బాయీ. నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం జిల్లా మొత్తానికి తమ ఇద్దరికే వచ్చని రోజూ ఒకరికొకరు చెప్పుకునేవారు. మూడో మనిషెవరూ ఆ మాట అనలేదనుకోండి, అది వేరే సంగతి.

ఒకరోజు పొద్దున్నే సర్వర్ మొరాయించింది. మర్నాడే పరీక్ష. పిల్లల హాల్‌టికెట్లన్నీ అందులోనే ఉన్నాయి. విశాఖలో ఉండే ఇంజనీరు వసుంధర గారికి ఫోన్ చేశారు. ఆవిణ్ణి వీళ్ళెప్పుడూ చూడలేదు, గొంతొక్కటే ఎరుగుదురు. డిస్కు నిండింది, పాత లాగ్ ఫైళ్ళు తీసెయ్యండి, ముందు కాపీ పెట్టుకోండి అందావిడ. ఇంకేముంది, కాపీలన్నీ ఆ డిస్కులోనే పెట్టారు. మిగిలిన కాస్త చోటూ నిండిపోయింది.

ఇక ఆర్ఎమ్ అనే చెరిపేసే కమాండ్ కొట్టి తీసెయ్యమంది. ఏ ఫోల్డర్లో కొట్టాలో ఆవిడ చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. ఉన్న చోటే కొట్టారు. ఉన్నది హాల్‌టికెట్ల దగ్గర. నిజంగా తీసెయ్యాలా అని తెర అడిగింది. అవునని చెప్పండి అందావిడ. గవర్రాజు తెర దగ్గరికి వంగి, మర్యాదగా అవునండి అన్నాడు. వినపడలేదేమోనని తాతబ్బాయి గట్టిగా అరిచాడు. చివరికి ఆవిడ వై మీట నొక్కమంటే నొక్కారు. అంతే, హాల్‌టికెట్లు మాయం.

సంగతి విన్న వసుంధర గారు, పోయినవి వెనక్కి తేవచ్చు గానీ తనే రావాలంది. "ఈలోగా ఎవరొచ్చినా తలుపు తియ్యకండి. ప్రిన్సిపాల్ గారొచ్చినా సరే."

మధ్యాహ్నానికి వరండా నిండా పిల్లలు. కిటికీలోంచి వాళ్ళ మొహాలు చూసి గవర్రాజుకి నిజంగానే ఏడుపొచ్చింది. ఇంతలో ఎవరో తలుపు కొట్టి, నేను వసుంధరని, తియ్యండి అన్నారు. తెలివైనవాడు కదా, వెంటనే ఫోన్ చేసి అడిగాడు.

"నేనేనయ్యా. తలుపు ముందే నిలబడ్డాను, తియ్యి" అంది ఫోన్లో ఆవిడ.

గవర్రాజు ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒరే తాతబ్బాయీ, మేడం గారు ఫోన్లో ఉన్నారు. మరి తలుపు ముందున్నదెవర్రా?"

తాతబ్బాయి మొహం పాలిపోయింది. రెండో గడియ వేసి, బల్ల కూడా అడ్డం జరిపాడు.

"అమ్మా, మీరేం కంగారు పడకండి" అన్నాడు గవర్రాజు ఫోన్లో. "మీ పేరు చెప్పుకుని ఎవరో దొంగ వచ్చింది. మీ గొంతు కూడా దించేసింది. మీరు తొందరగా వచ్చి దాన్ని పట్టుకోండి."