పసుపుగుడ్డ కట్టిన బుట్టలు

అనగనగనగా, నెమళ్ళు మనుషుల్ని చూసి పారిపోవడం ఇంకా నేర్చుకోని రోజుల్లో, ఎర్రకొండసీమ అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని చిత్రవర్ధనుడనే రాజు ఏలేవాడు. మంచివాడే. కాకపోతే కౌజుపిట్టల వేపుడంటే ఆయనకు ప్రాణం.

అడవి నానాటికీ మూగబోతోందని పల్లెల్లోని ముసలివాళ్ళు మొరపెట్టుకున్నారు. రాజు దండోరా వేయించాడు.

"ఫాల్గుణం మొదలు శ్రావణం దాకా అడవిలో జీవాలు పిల్లల్ని కనే కాలం. ఆ నెలల్లో ఎవరూ వేటాడరాదు. వేటమాంసం అమ్మరాదు, కొనరాదు. తప్పినవారికి చెరసాల."

శాసనం చక్కగానే ఉంది. చివర మాత్రం ఒక తోక తగిలించారు. రాజుగారి వంటశాలకు ఈ నియమం లేదట. అక్కడికి వెళ్ళే సరుకు మీద పసుపుగుడ్డ కడతారట, దాన్ని దారిలో ఎవరూ విప్పకూడదట. నాలుక చెప్పినట్టు రాస్తే శాసనాలు ఇలాగే ఉంటాయి మరి.

ఆ తోక పట్టుకునే రంగాజి అనే వర్తకుడు అడవిలోకి దూరాడు. మనుషుల్ని పెట్టి ఉచ్చులు పన్నించాడు. దొరికిన ప్రతిదానికీ పసుపుగుడ్డ కట్టి అడవి దాటించి, ఊళ్ళో చాటుగా అమ్ముకున్నాడు.

అడవి దారికి కావలి కాటన్న. బుట్టల్లోంచి రెక్కల చప్పుడు వినిపిస్తున్నా అతను ఏం చేయగలడు? గుడ్డ విప్పితే శాసనం తప్పినట్టు, విప్పకపోతే అడవి ఖాళీ. ఒకనాడు ఉచ్చు పక్కన తల్లి లేని కుందేలు కూనలు కనిపించాయి. ఆ పూట అతనికి అన్నం సహించలేదు. గుడ్డ విప్పవద్దన్నారు గానీ వెంట వెళ్ళవద్దనలేదు కదా అని అప్పుడు తోచింది.

మర్నాడు రంగాజి కౌజుల బుట్టతో వచ్చాడు.

"ఎవరిది రంగాజీ ఆ బుట్ట?"

"పసుపుగుడ్డ కనబడటంలేదూ? రాజుగారిది."

"అయితే ఒంటరిగా పోకూడదు. పద, మర్యాదగా సాగనంపుతాను."

కాటన్న డప్పు కొట్టించుకుంటూ కోట దాకా వెంట నడిచాడు. రంగాజి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. రాజుగారిది కాదంటే చెరసాల. కౌజులన్నీ వంటశాలకు చేరాయి. రాజు రెండు పూటలా తిని, బాగున్నాయన్నాడు.

ఈసారి కాటన్న వెంట రాడులే అనుకుని రెండోసారి రంగాజి అడవిపంది మాంసం బుట్టల మీద బుట్టలు తెచ్చాడు. మళ్ళీ డప్పు, మళ్ళీ కోట. వంటశాల పెద్ద సుంకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమయ్యా కాటన్నా, ఇది వంటశాలా, కసాయి కొట్టా? ఇదంతా ఎవరు తింటారు, మీ తాతా?"

ఆమె ఫిర్యాదు విని రాజు కాటన్నను పిలిపించాడు. "ఇంకొక్క బుట్ట నీ వెంట వచ్చిందంటే నీ కావలి పని పోయినట్టే," అన్నాడు. ఆ బుట్టలు ఎవరు పంపుతున్నారని మాత్రం అడగలేదు.

కాటన్నకు భయం వేసింది. ఇంటినిండా పిల్లలు, ఆ పని తప్ప ఆధారం లేదు. ఈ మాట తెలిసి రంగాజి మాత్రం మీసం దువ్వాడు.

మూడోసారి బండి మీద పసుపుగుడ్డ కప్పి వచ్చాడు. గుడ్డ కింద ఏదో బరువుగా ఊపిరి తీసుకుంటోంది.

"రాజుగారు నిన్నేమన్నారో ఊరంతా తెలుసు. దారి వదులు," అన్నాడు రంగాజి.

కాటన్నకు ఇంట్లో పిల్లలు గుర్తొచ్చారు. అయినా డప్పు కొట్టమన్నాడు.

ఆ మోత విని రాజు మండిపడుతూ కోట వాకిట్లోకి వచ్చాడు. "మళ్ళీ ఏమిటిది?"

"తమ సొత్తేనట ప్రభూ. విప్పి చూసే హక్కు కూడా తమదే," అన్నాడు కాటన్న.

రాజు విసురుగా గుడ్డ లాగాడు. బండిలో ఒక చూడి లేడి, నాలుగు కాళ్ళూ కట్టేసి ఉంది. దాని కడుపులో పిల్ల కదలడం అందరికీ కనిపించింది.

"దీన్ని ఎవరు తెమ్మన్నారు?"

రంగాజి బండి చాటుకు జరిగాడు. కాటన్న చేతులు జోడించాడు.

"ప్రభూ, నా పని తీసేయండి. ఒక్క మాట మాత్రం వినండి. అడవిలో పడే ప్రతి ఉచ్చూ తమ పేరు చెప్పుకునే పడుతోంది."

"కంచే చేను మేస్తే ఇంతే," అని సుంకమ్మ గొణిగింది. రాజు విన్నాడు. కోపం రాలేదు, సిగ్గేసింది. మొలలోని బాకు తీసి లేడి కట్లు తానే కోశాడు.

అదే రోజు దండోరా మళ్ళీ మోగింది. ఇకమీదట వంటశాలకూ మినహాయింపు లేదు. రాణిగారి బుట్ట అయినా సరే, కాటన్న విప్పి చూడవచ్చు. రంగాజి చెరసాలకు పోలేదు. వేసవి అంతా అడవి గుంతల్లో నీళ్ళు నింపమన్నారు. కావిడి మోసీ మోసీ అతని భుజాలు కాయలు కాశాయి.

రాజు కొన్నాళ్ళు పప్పన్నం ముందు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. ఆ సంగతి ఊరూరా పాకింది. "రాజే నోరు కట్టుకున్నాక మనకెందుకురా," అనుకుని, భటులెవరూ రాకముందే వేటగాళ్ళు తమ ఉచ్చులు తామే విప్పుకున్నారు. వానలు వెలిసేసరికి అడవి మళ్ళీ కూతలతో నిండింది.

పిల్లలూ, రాజు తాను తలవంచిన శాసనానికే ప్రజలూ తలవంచుతారు.