నడికొండ ముసలాయన దరువు

ఏటి పొడవునా మూడు కొండలు, కొండకొక డప్పు, డప్పుకొక కాపరి. పైకొండ కాపరి వరద చూసి కొడితే నడికొండ అందుకోవాలి. నడికొండ కొడితే కిందికొండ అందుకుని లంక ఊరికి చెప్పాలి. వరద కంటే మాట ముందు చేరాలి. వెనక చేరిన మాట ఎంత నిజమైనా దానితో ఎవరికీ పనిలేదు.

ఆ కొండల్లో డప్పు మీద పలకని మాటంటూ లేదు. కాపరికొక దరువు ఉండేది. ఎవరు పిలుస్తున్నారో, ఎవరిని పిలుస్తున్నారో దాన్ని బట్టే తెలిసేది. పిలవడానికి తప్ప ఒకరి దరువు ఇంకొకరు కొడితే బొటనవేళ్ళు తీసేస్తారు. ఇంత పకడ్బందీగా ఉన్న ఏర్పాటు చెడిపోయే ప్రసక్తే లేదని రాజుగారు నిశ్చింతగా నిద్రపోయేవారు.

నడికొండ ముసలాయన చనిపోయాడు. ఆయన చోటికి కొత్తవాణ్ణి పంపారు. కొత్తవాడు పెళ్ళాన్నీ చంటి కూతుర్నీ లంకలో దించి, కొండెక్కి, డప్పు మంట మీద కాచి, తనకిచ్చిన దరువుతో "వచ్చాను" అని కొట్టాడు. రెండు పక్కల కొండలూ "వచ్చావు" అనాలి. అంటేనే వాడు వచ్చినట్టు. అప్పటిదాకా వాడేం కొట్టినా కోతి కొట్టినట్టే లెక్క.

ఎవరూ అనలేదు. మర్నాడూ అనలేదు. పైగా పొద్దున్నే పైకొండ కాపరి ముసలాయన దరువు కొట్టి, "ఏం బాబాయ్, లేచావా?" అని అడిగేవాడు. జవాబు రాకపోతే "సరే, ఇంకాసేపు పడుకో" అనేవాడు. కొత్తవాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. దివాణానికి కబురు పెట్టాడు.

దివాణం తనిఖీదారు కంచరగాడిదెక్కి వచ్చాడు. డప్పు తోలు గిల్లి చూశాడు. పుల్లలు వాసన చూశాడు. కొత్తవాడి వెనక్కి వెళ్ళి మెల్లిగా "భోజనం" అన్నాడు. కొత్తవాడు గిరుక్కున తిరిగాడు.

"డప్పు బాగుంది, చెవులు బాగున్నాయి, గాలి కూడా బాగానే వీస్తోంది. ఏ లోపమూ లేదు" అన్నాడు తనిఖీదారు.

"మరి పలకరేం అయ్యా?"

"వాళ్ళనే అడుగుదాం, రా."

"కొండ వదిలి రావచ్చా?"

"నువ్వింకా రానే లేదుగా. వదిలేదేముంది?"

పైకొండ కాపరి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి మర్యాద చేశాడు. "వినపడకేమండీ, రోజూ వింటున్నాను. మంచి చెయ్యి. కానీ నడికొండలో మా బాబాయ్ ఉన్నాడు కదా. కొండ దిగేవాడు 'వెళ్ళొస్తా' అని కొట్టి దిగాలి. ఆయన కొట్టలేదు. చెప్పాపెట్టకుండా పోయే మనిషి కాదాయన."

"ఆయన చచ్చిపోయాడు మావా!" అన్నాడు కొత్తవాడు.

"ఆ ముక్క ఆయన్నే కొట్టమను అల్లుడూ."

తనిఖీదారు తలూపాడు. "సబబుగానే ఉంది. కిందికొండ వాడూ ఇదే అంటాడు." పొయ్యి మీద కోడికూర ఉడుకుతుండటం వల్ల ఆయన అక్కడే ఆగిపోయాడు.

కొత్తవాడు ఒక్కడే నడికొండ చేరేసరికి పైన డప్పు గోల పెడుతోంది. "బాబాయ్! వరద! కిందికి చెప్పు బాబాయ్!"

కొత్తవాడు తన దరువుతో కిందికొండకి "వరద! వరద!" అని కొట్టాడు. కిందికొండ మీద పొయ్యి పొగ తాపీగా లేస్తోంది. మళ్ళీ కొట్టాడు. పొగ అలాగే లేస్తోంది. పరుగెత్తి చెబుదామంటే నీళ్ళ ముందు మనిషి కాళ్ళెంత? ఏటి మలుపు దగ్గర నీరు అప్పుడే ఎర్రబారింది. లంకలో అన్నిటికంటే పల్లంలో ఉన్న పాక తనదే.

"లేవవయ్యా బాబాయ్!" పైకొండ డప్పు ఏడుస్తోంది.

కొత్తవాడు తన బొటనవేళ్ళ వంక చూసుకున్నాడు. కూతురు నోట్లో పెట్టుకుని నిద్రపోయే చిట్టి బొటనవేలు గుర్తొచ్చింది. రోజూ వినీ వినీ నోటికొచ్చేసిన ముసలాయన దరువు అందుకున్నాడు.

"విన్నాను" అని పైకి కొట్టాడు. "వరద" అని కిందికి కొట్టాడు.

కిందికొండ వెంటనే పలికింది. "బాబాయ్! ఇన్నాళ్ళకి లేచావా? చెప్పేస్తున్నా, చెప్పేస్తున్నా!"

నీళ్ళొచ్చేసరికి లంకలో పాకలే ఉన్నాయి. మనుషులంతా పిల్లల్నీ మేకల్నీ చంకనేసుకుని కిందికొండ ఎక్కేశారు. నీరు తగ్గగానే కొత్తవాడి పెళ్ళాం కూతుర్ని ఎత్తుకుని నడికొండకి వచ్చింది. వాడు పిల్లని లాక్కుని బావురుమన్నాడు.

వరద తీశాక తనిఖీదారు శాలువా పట్టుకొచ్చి డప్పు మీద కప్పాడు. "ముసలాయన గట్టివాడు. చచ్చి కూడా కొలువు మానలేదు."

"అయ్యా, కొట్టింది..." అనబోయాడు కొత్తవాడు. పెళ్ళాం వాడి రెండు చేతులూ తన చేతుల్లో దాచేసింది.

"నువ్వెలా కొడతావు? నువ్వింకా రానేలేదు" అని తనిఖీదారు కంచరగాడిదెక్కాడు.

ఆయన కనుమరుగయ్యాక ఆవిడ అంది, "ఆ ముసలాయన్ని పంపించెయ్యవయ్యా, పాపం. రోజూ లేపుతుంటే ఆయన మాత్రం ఎట్టా పోతాడు?"

కొత్తవాడు శాలువా తీసి, డప్పు కాచి, ముసలాయన దరువుతో "వెళ్ళొస్తా" అని కొట్టాడు. ఎన్నడూ చూడని మనిషి కోసం వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రెండు కొండలూ ఒక్కసారే పలికాయి. "మంచిది బాబాయ్. వెళ్ళిరా."

వాడు కళ్ళు తుడుచుకుని, సొంత దరువుతో "వచ్చాను" అన్నాడు.

"వచ్చావు!" అంది కిందికొండ. "వచ్చావు!" అంది పైకొండ. అంతటితో ఊరుకోక, "అల్లుడూ, మా బాబాయ్ ఇప్పుడే బయల్దేరాడు. దారిలో ఎదురుపడ్డాడా?" అని అడిగింది.

కొత్తవాడు పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ పిల్లకి శాలువా చుడుతోంది.

"ఎదురుపడ్డాడు" అని కొట్టాడు వాడు. "కులాసాగానే ఉన్నాడు."