తేడాగా ఉన్న మొక్క

కడియం దగ్గర కాలవగట్టు పక్కన సలాది వారి ఆర్కిడ్ల తోట ఉండేది. ఇంట్లో నలుగురు. పెద్దవాడు గవర్రాజు, అతని భార్య రత్నం, తమ్ముడు అబ్బులు, మేనత్త బుల్లెమ్మ. తమకు తెలివి ఎక్కువని ఆ నలుగురూ ఒప్పుకుంటారు. ఊరే ఒప్పుకోదు. దానికి గవర్రాజు దగ్గర గట్టి సమాధానం ఉంది. ఊళ్ళో ఏ ఇద్దరికీ మాట కలవదు, మా ఇంట్లో నలుగురిదీ ఒకే మాట, మరి తెలివి ఎవరి వైపు ఉన్నట్టు అని అడిగేవాడు. అడిగినవాడికి జవాబు చెప్పే ఓపిక ఊరికి లేదు.

చెప్పింది చెప్పినట్టు చెయ్యడం ఆ ఇంటి గొప్ప. తండ్రి పోతూ పోతూ, "తల్లి మొక్కకి కత్తి తగలనివ్వకండిరా, అదుంటే మీకు తోట ఉన్నట్టే" అన్నాడు. తెల్లపూల ఆర్కిడ్ అది. తోటలో వందల కుండీలూ దాని పిలకలే, ఆయన చేత్తో వేసినవే. అంతే, బుల్లెమ్మ దాన్ని తన గది కిటికీకి వేలాడదీసి, ఆ గదిలోకి కత్తిపీట కూడా రానివ్వలేదు. గవర్రాజుకి ఆ మొక్కంటే ప్రాణం. పొద్దున్నే దాన్ని పలకరించి గానీ కాఫీ తాగడు.

ఒకరోజు తోటలో ఒక మొక్క ఆకుల మీద పసుపు చారలు, గుంటపడ్డ నల్లమచ్చలు కనబడ్డాయి. తెల్లరేకుల మీద గోధుమరంగు గీతలు. గవర్రాజు హడలిపోయి, మొక్కల జబ్బులు చదువుకున్న హైమవతి గారికి ఫోన్ చేశాడు. ఆవిడ వేరే ఊళ్ళో ఉంది, వచ్చేసరికి కొన్నాళ్ళు పడుతుందంది. వినగా వైరస్ లాగే ఉందనీ, దానికి మందు లేదనీ, మిగతా మొక్కల్ని కాపాడుకోవడమే మన పని అనీ చెప్పింది. చివర్లో గట్టిగా అంది.

"మిగతావాటికన్నా తేడాగా ఏది కనబడినా దూరంగా పెట్టండి. నేను పంపే పట్టీలతో పరీక్ష చెయ్యండి. అప్పుడూ తేడా వస్తే కాల్చెయ్యండి. జాలిపడొద్దు."

మాట మాటా గుర్తుపెట్టుకున్నారు. దూరంగా పెట్టాలి, సరే. కానీ అబ్బులుకి ఒక ఆలోచన వచ్చింది. "అన్నియ్యా, జబ్బు చేసినదాన్ని కదపడం తప్పు కదా. దూరం ఇటునించి కొలిచినా అటునించి కొలిచినా ఒకటే" అన్నాడు. ఇంకేముంది, చారల మొక్కని అక్కడే ఉంచి, మిగతా వందల కుండీలనీ ఇంట్లోకి మోశారు. పోయేటప్పుడు అందరూ చారల మొక్క ఆకులు నిమిరి ధైర్యం చెప్పారు. అవే చేతులతో మిగతావి ఎత్తారు. బుల్లెమ్మ గది తప్ప వసారా, వంటిల్లు, మంచాలు, అన్నీ కుండీలే. మనుషులు తోటలో పడుకున్నారు, జబ్బు మొక్కకి తోడుగా కూడా ఉంటుందని.

కొన్నాళ్ళకి వంటింట్లో మొక్కలకి చారలొచ్చాయి. ఈసారి రత్నం ఫోన్ చేసింది. ముట్టుకుంటే గ్లౌజులు వేసుకోమనీ, ఒక్కో మొక్కకీ గ్లౌజులు మార్చమనీ, మచ్చల ఆకులు కోసెయ్యమనీ, కోసిన కత్తిని ప్రతిసారీ మందు నీళ్ళతో కడగమనీ హైమవతి గారు చెప్పింది.

అంతే, అన్నదమ్ములిద్దరూ గ్లౌజులు తొడిగి ఆకులు కొయ్యడానికి దిగారు. ఒక మొక్క అవగానే అన్నవి తమ్ముడు, తమ్ముడివి అన్న మార్చుకున్నారు. మళ్ళీ మొక్క, మళ్ళీ మార్పు. సాయంత్రానికి ఎవరివి ఎవరివో తెలియక కాసేపు పోట్లాడుకున్నారు కూడా. రత్నం కత్తి కడిగింది. మందు లేదని హైమవతి గారే చెప్పింది గనక ఉత్త నీళ్ళతోనే కడిగింది. అన్ని మొక్కలకీ ఒకటే బక్కెట్టు. పొద్దుగూకేసరికి బక్కెట్టులో నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. ఇంత సారం పారబొయ్యడానికి ఆ ఇల్లాలికి మనసొప్పలేదు. ఎవరికీ తక్కువ కాకుండా కుండీకో గ్లాసుడు పోసింది. కత్తి కడిగిన నీళ్ళు గనక తల్లి మొక్కకి మాత్రం బుల్లెమ్మ పొయ్యనివ్వలేదు. ఇల్లు నడపడం ఆమె దగ్గర నేర్చుకోవాలని బుల్లెమ్మ మెచ్చుకుంది.

ఇంకేముంది, ఇల్లంతా చారలే. గవర్రాజు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పుడు అన్నీ ఒకేలా ఉన్నాయి, తేడాగా ఒక్కటీ లేదు, గండం గడిచిందన్నాడు.

పట్టీల డబ్బా వచ్చింది. ఆకు రసంలో పట్టీ ముంచితే మంచి మొక్కకి ఒక గీత, జబ్బు మొక్కకి రెండు గీతలు వస్తాయని డబ్బా మీద రాసే ఉంది. రాసింది చదవమని హైమవతి గారు చెప్పలేదు గనక ఎవరూ చదవలేదు. ముంచిన ప్రతి పట్టీకీ రెండు గీతలు. రెండు వచ్చినప్పుడల్లా అబ్బులు చప్పట్లు కొట్టాడు.

ఆఖరికి బుల్లెమ్మ గదిలో తల్లి మొక్క మిగిలింది. కత్తి తగలకూడదు కనక ఆమె ఆకు కొసని గోటితో గిల్లి ఇచ్చింది. పట్టీ ముంచారు. ఒకటే గీత. మళ్ళీ ముంచారు. మళ్ళీ ఒకటే.

గవర్రాజు మొక్కని దగ్గరగా చూశాడు. ఒక్క చార లేదు, ఒక్క మచ్చ లేదు. ఇన్నాళ్ళూ అది అందమనుకున్నాడు. ఇంట్లో ఇన్ని మొక్కల్లో తేడాగా ఉన్నది ఇదొక్కటే. ఇంత జబ్బు కిటికీలో పెట్టుకుని రోజూ పలకరించానా అని నెత్తి కొట్టుకున్నాడు.

"మీ నాన్న కత్తి తగలనివ్వొద్దన్నాడురా" అంది బుల్లెమ్మ.

"కత్తి తగలదత్తా. నిప్పే."

ఆమే మొక్కని కిటికీ నించి దించి ఇచ్చింది. నలుగురిదీ ఒకే మాట అయింది. పెరట్లో ఎండుకొబ్బరాకులు పేర్చారు. గవర్రాజే నిప్పు పెట్టాడు. కళ్ళ నీళ్ళు కారుతుంటే, జాలిపడొద్దన్నారు కదండీ అని రత్నం వాటిని గబగబా తుడిచేసింది.

మర్నాడు హైమవతి గారు స్కూటరు మీద దిగింది. గుమ్మంలో చెప్పులు విడిచి ఇంట్లోకి తొంగి చూసింది. వంటింట్లో చారలు, మంచాల మీద చారలు. పెరట్లో బూడిద. జరిగిందంతా గవర్రాజు గర్వంగా చెప్పాడు. ఆవిడ బోర్లించిన కుండీ మీద కూలబడింది.

"ఆ ఒక్కటి మిగిలి ఉంటే దాని పిలకలతో మళ్ళీ తోటంతా లేపేదాన్ని. ఇంకేం చెప్పనయ్యా మీకు. ఈ ఇంట్లో ఇప్పుడు తేడాగా ఉన్నది నేనొక్కదాన్నే."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబ్బులు నాలుగడుగులు వెనక్కి వేసి, వదినని కూడా వెనక్కి లాగాడు. బుల్లెమ్మ లోపలికెళ్ళి మిగిలిన పట్టీ ఒకటి పట్టుకొచ్చి, "అమ్మా, కాస్త వేలు ఇటివ్వండి" అంది. రత్నం అగ్గిపెట్టె ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటోంది.

హైమవతి గారు చెప్పులు కూడా తొడుక్కోలేదు. స్కూటరు గట్టెక్కేసింది. దాని వెనకాల గవర్రాజు పరిగెడుతూ అరుస్తున్నాడు.

"కంగారు పడకండి అమ్మగారూ, పరీక్ష చెయ్యకుండా కాల్చంలెండి!"