మెట్ల దగ్గరి కెమెరా

నాగరత్నకి కోపం వచ్చి వారమైంది. ఇంకా దిగలేదు.

ఆమె చదివేది కడపలో ఒక కమ్యూనిటీ కాలేజీలో. కుట్టుపని, కరెంటు పని, నర్సులకు సాయం చేసే పని నేర్పే చోటే ఒక గదిలో సైబర్ సెక్యూరిటీ కూడా నేర్పుతారు. డిగ్రీ మధ్యలో ఆగిపోయినవాళ్ళు, పిల్లలు పుట్టాక మళ్ళీ పుస్తకం పట్టినవాళ్ళు, పొద్దున కొట్లో పనిచేసి మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చేవాళ్ళు అక్కడ చేరతారు. వాళ్ళందరిలోకీ నాగరత్న చురుకైనది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

పాఠం చెప్పేది దస్తగిరి సారు. టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యారు. వాళ్ళ తాతలు దర్గాలో ఫకీర్ల దగ్గర పెరిగినవాళ్ళని చెప్పుకుంటారు. సారు మాత్రం దేన్ని గురించీ ఎక్కువ మాట్లాడరు. ప్రశ్న అడిగితే కాసేపు ఊరుకుంటారు. ఒక్కోసారి ఊరుకునే ఉండిపోతారు.

తిరుపతిలో ఒక కంపెనీ కొత్తవాళ్ళని తీసుకుంటోందని విని నాగరత్న ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఇతర ఆఫీసుల కంప్యూటర్లలోకి దొంగలు జొరబడకుండా కనిపెట్టుకుని ఉండటం ఆ కంపెనీ పని. అందులో తెర ముందు కూర్చుని, అనుమానం వస్తే పైవాళ్ళకి చెప్పే ఉద్యోగం. అన్నిటికంటే చిన్నది.

ఇంటర్వ్యూ చేసినాయన సర్టిఫికెట్ చూసి నవ్వాడు.

"కమ్యూనిటీ కాలేజీనా? అక్కడ కుట్లూ అల్లికలూ కదమ్మా నేర్పేది?"

పక్కన కూర్చున్నవాళ్ళూ నవ్వారు.

"మూడేళ్ళ అనుభవం ఉందా?"

"మొదటి ఉద్యోగానికి అనుభవం యాడ నుంచి వస్తుంది సార్?"

"అది మీ కాలేజీని అడుగు" అని ఆయన ఫైలు వెనక్కి తోశాడు. చదివిన చదువు మీద ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

అప్పట్నుంచీ నాగరత్న ఇంట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది. బస్సులో ఎవరైనా నవ్వితే తనని చూసేనేమో అనిపిస్తోంది. పుస్తకం తెరిస్తే అక్షరాల మధ్య ఆ నవ్వే కనబడుతోంది.

సోమవారం మధ్యాహ్నం, ల్యాబులో అందరూ భోజనానికి వెళ్ళాక, ఆమె దస్తగిరి సారుని చెయ్యి పట్టి లాగినంత పని చేసి కంప్యూటర్ ముందుకి తీసుకొచ్చింది.

"చూడండి సార్. ఆ కంపెనీ ఆఫీసే ఇది."

తెర మీద చిన్న చిన్న గళ్ళు. ఒక గడిలో రిసెప్షన్, ఒక గడిలో భోజనాల గది, ఒక గడిలో మెట్లు. కెమెరాలు చూసిందంతా ఇక్కడ కనబడుతోంది.

"కెమెరాలు పెట్టెలోంచి తీసినప్పుడు ఉన్న పాస్‌వర్డే ఇంకా ఉంది సార్, మార్చనేలేదు. ఊరి భద్రతంతా వీళ్ళ చేతిలో పెట్టారు! ఒక్క నిమిషం పట్టింది నాకు." ఆమె తెర మీద వేలితో కొట్టింది. "కుట్లూ అల్లికలంట."

దస్తగిరి సారు కళ్ళజోడు సరిచేసుకున్నారు.

"నిన్నెవరు రమ్మన్నారమ్మా లోపలికి?"

"తలుపు తెరిచే ఉంది సార్."

"నేనడిగింది అది కాదు."

నాగరత్న విననట్టే ఒక గడి పెద్దది చేసింది. అద్దాల గదిలో ఇంటర్వ్యూ చేసినాయన కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని కునుకు తీస్తున్నాడు.

"ఇది ఇంటర్నెట్‌లో పెడతాను. ఆయన మొహం, కంపెనీ పేరు, అన్నీ. జనం నవ్వాల. నేను ఎట్లా కూర్చున్నానో ఆయనా అట్లా కూర్చోవాల."

"పెట్టాక?"

"పెట్టాక ఏమవుతుందో నాకనవసరం సార్!"

సారు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు, తనూ చూడటానికన్నట్టు. నాగరత్నకి ఉత్సాహం వచ్చింది. ఒక్కొక్క గడే పెద్దది చేసి చూపించడం మొదలుపెట్టింది. టీ కప్పులు, ఖాళీ కుర్చీలు, ఫోన్‌లో మునిగిన కుర్రాళ్ళు.

తర్వాత మెట్లు.

మెట్ల మలుపులోకి ఒకమ్మాయి వచ్చింది. ఆకుపచ్చ చున్నీ, చంకలో ఫైలు. ఇటూ అటూ చూసింది. ఎవరూ లేరనుకుంది. గోడకి ఆనుకుని మెట్టు మీద కూలబడి, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడవసాగింది. కెమెరాలో చప్పుడు రాదు. భుజాలు ఎగిరిపడటం మాత్రం కనిపిస్తోంది.

కాసేపటికి ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుంది. ఫోన్ తీసి, నల్లటి అద్దంలో మొహం చూసుకుంది. పెదాలు సాగదీసి నవ్వింది. ఆ నవ్వు కుదరలేదు. మళ్ళీ నవ్వి చూసుకుంది.

దస్తగిరి సారు అప్పటికే మొహం పక్కకి తిప్పేశారు. మళ్ళీ ఇటు చూడకుండానే, తడుముకుంటూ భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పారు.

నాగరత్నకి ఒళ్ళు మండిపోయింది.

"వాళ్ళ పరువు కాపాడతారా సార్? నన్ను అంత మాటన్నవాళ్ళది?"

ఆయన తువ్వాలు కిందిదాకా సర్దారు.

"మీక్కూడా నేనే తప్పుగా కనిపిస్తున్నానా?"

ఆమె తువ్వాలు లాగెయ్యబోయింది. అంచు పట్టుకున్నాక చెయ్యి ఆగిపోయింది.

ఇంటర్వ్యూ గదిలోంచి వచ్చాక తనూ ఆ మలుపులోనే కూర్చుంది. అదే మెట్టు. అమ్మకి ఫోన్ చేసి "బాగా జరిగిందిమా" అని చెప్పే ముందు ఆ నవ్వు తనూ నేర్చుకుంది. ఆ రోజు తలెత్తి చూడలేదు. పైన కెమెరా ఉందని తెలియదు. దాంట్లోంచి చూసే దారి ప్రపంచమంతటికీ తెరిచి ఉందని అసలే తెలియదు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. తువ్వాలు కదలనివ్వకుండా, కింద నుంచి వేలు పెట్టి మీట నొక్కింది. కంప్యూటర్ ఆగిపోయింది.

దస్తగిరి సారు ఆమె వైపు తిరిగారు. "ఫోన్ చెయ్యి."

"ఎవరికి సార్?"

"ఆయనకే."

"నా పేరు చెప్తే కేసు పెడతాడు."

"పెట్టొచ్చు."

నాగరత్న ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఆమె వంకే చూస్తున్నారు. ఆమె కంపెనీకి ఫోన్ చేసి, ఇంటర్వ్యూ చేసినాయన్ని పిలవమంది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఏం చేసిందో చెప్పింది, ఏదీ దాచలేదు. అవతల అరుపులు. దొంగతనమన్నాడు. జైలన్నాడు. జన్మలో ఎక్కడా ఉద్యోగం రాకుండా చేస్తానన్నాడు.

దస్తగిరి సారు చెయ్యి చాచారు. ఆమె ఫోన్ ఇచ్చింది.

"నేర్పింది నేను" అన్నారాయన. "దస్తగిరి. ఆ పేరు కూడా రాసుకోండి."

అంతే అని ఫోన్ తిరిగి ఆమెకిచ్చారు. ఇస్తున్నప్పుడు ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. భయమనుకుంది నాగరత్న. తర్వాత బిగిసిన ఆయన దవడ చూసింది. అది భయం కాదు.

ఆమె ఫోన్ చెవికి పెట్టుకుంది.

"కేసు సంగతి తర్వాత చూసుకోండి సార్. ముందు పాస్‌వర్డ్ మార్చండి. మీ మెట్ల మీద ఆడపిల్లలు కూర్చుంటారు."

అవతల గొణుగుడు. ఎక్కడ మార్చాలో ఆయనకి తెలియడం లేదు. నాగరత్న పళ్ళు బిగబట్టి చెప్పింది. ఫలానా చోట నొక్కండి. అది కాదు, కింద. కొత్తది టైపు చెయ్యండి. మీ కంపెనీ పేరు పెట్టొద్దు. ఇంకా పెద్దది. ఇంకా.

పనయ్యాక ఆయన ఫోన్ పెట్టేశాడు. ఒక్క మంచి మాట లేదు.

తర్వాత చాలా రోజులు గేటు దగ్గర మోటారు సైకిల్ ఆగితే పోలీసులేమోనని నాగరత్న ఉలిక్కిపడింది. ఎవరూ రాలేదు. కంపెనీ నుంచి కబురూ రాలేదు. ఇంకోచోట ఇంటర్వ్యూకి వెళ్తే అక్కడా అనుభవమే అడిగారు.

ఆ రోజు బస్సు దిగి నేరుగా ల్యాబుకి వచ్చింది. దస్తగిరి సారు బోర్డు తుడుస్తున్నారు. ఆమె బ్యాగు బల్ల మీద విసిరేసింది.

"నా కోపం పోలేదు సార్. అస్సలు పోలేదు."

ఆయన తుడవడం ఆపలేదు.

"ఉండనీ అమ్మా. కాపలా కాసేవాళ్ళకి అది ఉండాల."