ఇసుక చేప ఇరుగుపొరుగు

ఒక ఇంటి ముందుగదిలో, సోఫా పక్కన, ఒక సముద్రం ఉండేది. గాజు సముద్రం. నాలుగు పక్కలా గాజు పలకలు, అడుగున జానెడు ఇసుక, పైన ఉప్పునీళ్ళు. ఉప్పు ప్యాకెట్లో వచ్చేది. అలలు మోటారులోంచి వచ్చేవి.

అందులోకి ఒక జంట కాపురానికి వచ్చింది. షాపులో వాటిని టైల్‌ఫిష్ అన్నారు. ఇసుకలో గుంట తవ్వుకుని ఆ గుంటలోనే సంసారం చేసే జాతి కాబట్టి మనం ఇసుక చేపలు అనుకుందాం. లేత నీలం ఒళ్ళు, వేలెడు పొడుగు, గుప్పెడు భయం. భయం వేస్తే ఈ జాతికి రెండే దారులు. కిందికైతే గుంట, పైకైతే గాలి.

మగది పైకి వెళ్ళింది. వచ్చిన పూటే, గది తలుపు దబ్బున పడితే, బెదిరి ఎగిరింది. తొట్టికి మూత లేదు. "అయ్యో, మూత వెయ్యలేదుటండీ!" అని బయట ఒక ఆడగొంతు వినిపించింది. ఆ తరవాత నీళ్ళ మీద వల బిగించారు.

ఆడచేపకు ఇందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. పైకెళ్ళినవాడు కిందికి ఎందుకు రాలేదు? ఆ వల వాడు తిరిగి రాకుండానా, తను వెళ్ళకుండానా? అడుగుదామంటే ఎవరున్నారు? రాయి కింద గుంట తవ్వుకుని అందులో దూరింది. తిండి మానేసింది.

సముద్రం యజమానికి దిగులు పట్టుకుంది. షాపతన్ని ఇంటికి పిలిపించాడు.

"ఒంటరిగా ఉంటే రాదు సార్," అన్నాడు షాపతను. "ఈ జాతి నీళ్ళని నమ్మదు, పక్కవాళ్ళని నమ్ముతుంది. నలుగురు నిమ్మళంగా ఉంటే చూసి, అప్పుడు తల బయట పెడుతుంది. అది బయట తిరిగిందంటే నీళ్ళు బాగున్నట్టే. సాధువుల్ని వెయ్యండి."

యజమాని సాధువుల్ని వెయ్యలేదు, అందగాణ్ణి వేశాడు. సగం ఊదా, సగం పసుపు, చూస్తే కళ్ళు చెదిరేట్టుంది. అది వచ్చీ రాగానే ప్రతి రాయీ తన తాతదన్నట్టు కాపలా తిరిగింది. ఇసుక చేప ముక్కు కనిపిస్తే చాలు, వెళ్ళి పొడిచింది.

"పెళ్ళికొడుకులా ఉందని తెచ్చారు. అల్లుడి పెత్తనం చేస్తోంది," అంది యజమాని భార్య. దాన్ని పట్టి వెనక్కి ఇచ్చేశారు.

అప్పుడొచ్చాయి లాగూ చేపలు. నాలుగు. నడుముకి నల్ల పట్టీ, ఆ వెనకంతా ఎర్రచుక్కల లాగూ తొడుక్కున్నట్టు ఉండేవి. వచ్చినప్పటినుంచీ నీళ్ళ మధ్యలో నిలబడ్డాయి. నిలబడ్డాయంటే నిలబడ్డాయి. ముందుకు లేదు, వెనక్కి లేదు. మెతుకు వచ్చి మూతికి తగిలితే తినేవి. తగలకపోతే ఊరుకునేవి.

ఇసుక చేప గుంటలోంచి వాటిని చూసింది. తలుపు దబదబలాడినా ఉలకవు, పలకవు. ఎంత ధైర్యం, అనుకుంది. అంతలోనే సందేహం. భయం లేకపోతే తిరగాలి కదా? భయం ఉంటే దాక్కోవాలి కదా? రెండూ చెయ్యవేం? అది ధైర్యమా, మొద్దుతనమా, వాళ్ళ వైపు మర్యాదలే అలా ఉంటాయా? ఎంత ఆలోచించినా తెగలేదు.

గుంట గోడకవతల ఒక రొయ్య ఉండేది. దానికి చూపు సరిగ్గా ఆనదు. పొద్దస్తమానం ఇసుక తవ్విపోసేది.

"ఏమ్మా, ఇంకా ముహూర్తం కుదర్లేదా?" అంది రొయ్య.

"బయట ఎలా ఉంది పిన్నీ?"

"నన్నడుగుతావా! నా మీసం దాటి నాకు లోకం లేదు. కళ్ళున్నవాళ్ళని అడుగు. నాకు తెలిసింది ఒకటే. నీ వైపు ఇసుక కదిలే చప్పుడు రోజురోజుకీ తగ్గుతోంది. ఇంకా ఆలస్యం చేస్తే, నీకు రావాలనిపించినా రాలేవు."

నిజమే. ఒంటి నీలం వెలిసిపోయింది. పొట్ట వీపుకి అంటుకుంది. ఇసుక చేప గుంట అంచు దాకా జరిగి, లాగూ చేపల్లో పెద్దదాన్ని పిలిచింది.

"అన్నా, ఓ మాట. మీకు భయం వెయ్యదా?"

పెద్దది కళ్ళు మాత్రం కిందికి తిప్పింది. "మెల్లగా మాట్లాడమ్మా. భయంతోనే కదా ఇలా నిలబడ్డాం."

"భయమైతే దాక్కోవచ్చుగా?"

"దాక్కోవాలంటే కదలాలిగా?"

"ఇంతకీ దేనికి భయం?"

"అదే తెలీదు. నిన్ను చూసి భయపడుతున్నాం."

"నన్నా? నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యట్లేదు, అదే. మేం వచ్చేసరికే నువ్వున్నావు. ఇల్లూ వాకిలీ ఉన్నదానివి. అలాంటిదానివి తల బయట పెట్టట్లేదంటే ఊరికే ఉంటుందా? ఏదో ఉంది. నువ్వొస్తే అప్పుడు కదులుదామని చూస్తున్నాం."

"నేను మిమ్మల్ని చూసి వద్దామనుకుంటున్నానే!"

గోడకవతల రొయ్య కిసుక్కుమంది. "బాగుంది వరస! చూపు లేని నేనే నయం."

ఇసుక చేపకు బుర్ర తిరిగిపోయింది. వీళ్ళకి తెలియకపోతే ఇంకెవరికి తెలుసు? గాజుకవతల ఒక పెద్ద మొహం ఉంది. మెతుకులు కురిపించేది అదే. అలలు ఆపేదీ, పెట్టేదీ అదే. దానికి తెలియకుండా ఉంటుందా? ఇసుక చేప గాజు వైపు చెవి ఒగ్గింది.

"నీళ్ళు బాగున్నాయంటారా?" అంటోంది ఆడగొంతు.

"ఏమో," అంది మొహం. "ఉప్పు చూశాను, వేడి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నట్టున్నాయి. కానీ ఆ నీలం చేప బయట తిరిగితేనే నీళ్ళు బాగున్నట్టని కదా షాపతను అన్నది? అది వస్తేగాని నాకూ తెలీదు."

"రాకపోతే?"

"సాయంత్రం దాకా చూసి, రాళ్ళెత్తి పట్టి ఇచ్చేస్తాను. కళ్ళెదురుగా చంపుకోలేను."

ఇసుక చేప ఆ మాటల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మొహం నన్ను చూసి తెలుసుకుందామంటోంది. వీళ్ళు నన్ను చూసి కదులుదామంటున్నారు. నేను వీళ్ళని చూసి వద్దామనుకున్నాను. మరి నీళ్ళని చూసిందెవరు?

జవాబు దొరికేదాకా ఉందామంటే ప్రాణం ఆగేలా లేదు. తల బయట పెట్టింది. ఒళ్ళంతా బయటికి తెచ్చింది. ఏమీ జరగలేదు. అలా జరగకపోవడం మంచికో చెడుకో దానికి తెలియలేదు. ఒక మెతుకు ఎదురొచ్చింది. నోరు తెరిచింది.

వెనక నాలుగు లాగూలు ఒక్కసారే ఊగాయి. గాజుకవతల మొహం కేక పెట్టింది. "వచ్చిందే! ఇలా రా, వచ్చింది! నీళ్ళు బాగున్నాయి!"

ఆ సంతోషంలో యజమాని మరో ఇసుక చేపను తెచ్చాడు. నీళ్ళ వేడికి అలవాటు పడేదాకా వదలకూడదు కాబట్టి షాపువాళ్ళిచ్చిన ప్లాస్టిక్ సంచితోనే నీళ్ళ పైన తేల్చాడు. లోపలిది చిన్నపిల్ల. సంచి మూలకి నక్కి, కింద ఉన్న అందరినీ ఒక్కొక్కరినే చూసింది. చివరికి తన జాతిదాని దగ్గర ఆగింది.

"అక్కా, ఇక్కడ భయం లేదా?"

ఇసుక చేప లాగూ చేపల వైపు చూసింది. అవి ఇసుక చేప వైపు చూశాయి.

"చూస్తున్నావుగా," అంది ఇసుక చేప. ఇంకో మెతుకు అందుకుని నిదానంగా నమిలింది.

ఆ మాట అంటున్నప్పుడు దాని తోక కొస గుంట అంచుకు ఆనే ఉంది. పైనుంచి చూసేవాళ్ళకి రాయి అడ్డం. నిదానంగా నములుతున్న దాని మొహం ఒక్కటే కనిపిస్తుంది.

చిన్నది మూల వదిలి, సంచి మధ్యకు వచ్చింది.