సోములమ్మ లేచింది

అనగా అనగా, సముద్రానికి ఇంకా ఇంత ఉప్పెక్కని రోజుల్లో, ఇసుకలపేట అని ఒక పల్లె ఉండేది. ఇటు చూస్తే ఇసుక, అటు చూస్తే నీళ్లు. ఆ పల్లెకి కొండల కింది నుంచి ఒక పిల్ల కోడలుగా వచ్చింది. పేరు సోములమ్మ. మెల్లగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది. పెట్టి పంపడానికి తల్లి దగ్గర ఇంకేమీ లేక, ఎండు పసుపు కొమ్ములు మూటగట్టి ఇచ్చింది.

సోములమ్మ అత్త మరిడమ్మ. ఆమె చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నడిస్తే ఎదురుగాలి కూడా తప్పుకునేదట. ఆ పల్లెలో పసుపంటే అమ్మవారి మొహానికి, పెళ్లికూతురి పాదాలకి. అంతే. కూరలో వేస్తారని ఎవరికీ తెలీదు.

మొదటిరోజు సోములమ్మ చేప కడిగింది, ఉప్పు పూసింది, పసుపు పూసింది, పులుసు పెట్టింది. మరిడమ్మ మూత తీసి చూసింది.

"అమ్మోరికి పెట్టేది చేపకి పూత్తావేటే?" అని కుండ పట్టుకెళ్లి ఇసుకలో ఒంపేసింది. పిల్లులు తిన్నాయి.

రెండోరోజూ చేప కడిగింది, ఉప్పు పూసింది, పసుపు పూసింది, పులుసు పెట్టింది. మరిడమ్మ మళ్లీ ఒంపేసింది. కాకులు తిన్నాయి. సోములమ్మ ఏడవలేదు. ఈ ఊళ్లో పిల్లులకీ కాకులకీ ఇక జబ్బులు రావని మొగుడు దాసన్నతో చెప్పి నవ్వింది.

మూడోరోజు తుఫాను పట్టుకుంది.

పడవని ఒడ్డుకి లాగుతుంటే దాసన్న అరికాల్లో ఆల్చిప్ప దిగింది. లోతుగా తెగింది. అలాంటి దెబ్బకి ఆ పల్లెలో ఇసుక అద్ది ఊరుకునేవాళ్లు. మరిడమ్మ కూడా పిడికెడు ఇసుక తీసింది. కానీ ఆమె మొగుడు అలాంటి దెబ్బతోనే, కాలు వాచి, జ్వరమొచ్చి పోయాడు. అది గుర్తొచ్చి చెయ్యి కదల్లేదు.

సోములమ్మ నీళ్లు కాచి గాయం కడిగింది. పసుపు నూరి, నూనెలో వెచ్చజేసి, పట్టించి కట్టు కట్టింది. అత్త పిడికిట్లో ఇసుక పారబోసి పక్కనే కూర్చుంది. ఒకరోజు గడిచింది, వాపు పెరగలేదు. రెండ్రోజులు గడిచాయి, జ్వరం రాలేదు. మూడోరోజు దాసన్న కాలు కిందపెట్టి, గుమ్మందాకా వెళ్లి సముద్రాన్ని చూసొచ్చాడు.

తుఫాను మాత్రం తగ్గలేదు. పడవలు కదల్లేదు. ఇంటింటా ఉన్న చేపలు కంపుకొడితే పారేశారు. సోములమ్మ ఉప్పూ పసుపూ దట్టించి దాచినవి చెడలేదు. వాటితో పులుసు పెట్టింది. మరిడమ్మకి ఆకలి. పౌరుషం కూడా ఉంది. గిన్నె తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుని తింది. అంతా తింది. వేళ్లు కూడా నాకింది.

"ఉప్పు సరిపోయిందా అత్తా?" అని కోడలు అడిగింది.

"ఉప్పుకేటి, సరిపోయినాది. పసుపే కాసింత తగ్గింది."

ముందు దాసన్న నవ్వాడు. తర్వాత సోములమ్మ నవ్వింది. గోడవైపు తిరిగే మరిడమ్మ కూడా నవ్వింది.

ఇక పల్లెంతా ఆ గుమ్మంలోనే. దెబ్బ తగిలిందని ఒకరు, దగ్గు తగ్గట్లేదని ఒకరు, పులుసు ఎలా పెట్టావో చెప్పమని ఒకరు. దెబ్బకి నూరి ఇచ్చింది. దగ్గుకి మేకపాలలో మిరియంతో కాచి ఇచ్చింది. పులుసుకి ఎంత వెయ్యాలో వేళ్లతో చూపించింది. చిటికెడు చాలు, పిడికెడు వేస్తే చేదు అనేది. మూట ఖాళీ అయిపోయింది.

పాతుదామా అని అత్త అడిగితే, ఉడకబెట్టి ఎండేసిన కొమ్ము మొలవదని, పచ్చిదుంప కావాలని, అది కొండల కిందే దొరుకుతుందని కోడలు చెప్పింది.

"అయితే పద," అంది మరిడమ్మ.

పుట్టాక సముద్రాన్ని విడిచి ఎరగని మనిషి, వియ్యపురాలికి తట్టెడు ఎండుచేపలు మోసుకుంటూ కొండలదాకా నడిచింది. తిరిగొచ్చేటప్పుడు తట్టనిండా పసుపు దుంపలు. ఇసుకలో అవి పండవని తెలిసి, అదే తట్టతో ఏటి ఒండ్రు మోసి పెరట్లో పోసింది. మరిడమ్మ మట్టి అమ్ముతోందని పల్లె నవ్వింది. ఆమె లెక్కచెయ్యలేదు. తొలకరికి ఆకులు లేచాయి.

సోములమ్మ చాలాకాలం బతికింది. మనవలకి పెట్టింది, మునిమనవలకి పెట్టింది. ఒక ఎండాకాలం చివర, నిద్రలోనే పోయింది. పల్లె ఏడ్చింది. పెరట్లో పసుపాకులు ఎప్పుడో ఎండి రాలిపోయి, మడి బోసిగా ఉంది. తొలివాన పడిన కొన్నాళ్లకి చిన్నకోడలు పొద్దున్నే పెరట్లోకి వెళ్లింది. తవ్వకుండా మిగిలిన దుంపల నుంచి మొలకలు పైకొచ్చి ఉన్నాయి. ఆమె ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి, "సోములమ్మ లేచింది," అంది. విన్నవాళ్లంతా ఏడుపు మరిచి నవ్వారు.

అప్పటినుంచీ ఆ ఒడ్డున కొత్తకోడలు వస్తే అత్తే తట్టెడు ఒండ్రు మోసుకొచ్చి పోస్తుంది. కోడలు అందులో పసుపు దుంప పాతుతుంది. వానలు పడ్డాక ఇరుగుపొరుగు దడి మీంచి తొంగిచూస్తారు. మొక్క మొలిచిందా అని ఎవరూ అడగరు.

"సోములమ్మ లేచిందా?" అంటారు.

"లేచింది. రెండాకులేసింది," అంటుంది కొత్తకోడలు.